ఆరు సెంట్ల పెరడు

వెనక తలుపు గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. రాతితో నాలుగు దెబ్బలు వేస్తేగానీ కదల్లేదు. తెరిస్తే మెట్ల దాకా వయ్యారిభామ. నడుమెత్తు పెరిగి తెల్లగా పూసి ఉంది. దాని వెనక రెండు సర్కారు తుమ్మ పొదలు, వాటి పైన బావి గిలక కమ్మీ ఒక్కటి కనబడుతోంది. అమ్మ నా భుజం మీంచి తొంగిచూసి, "ఇదేంటే, మన పెరడేనా?" అంది. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊరది. 2023 మే నెల. అంతకు ముందు నెలలోనే నేను బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. అమ్మకు అప్పటికి 80 నిండాయి. అమ్మమ్మ 2009లో పోయాక ఇంటికి తాళం వేశాం. ఏడాదికోసారి ఎవరో ఒకరం వచ్చి ముందు గదులు ఊడిపించుకుని, దీపం పెట్టి వెళ్ళేవాళ్ళం. వెనక తలుపు జోలికి ఎవరం పోలేదు. రిటైరయ్యాక ఏం చేస్తావని అందరూ నన్ను అడుగుతుంటే, అమ్మ మాత్రం "నన్ను ఊరికి తీసుకుపోవే. ఒక్క చిక్కుడు పందిరి వేసుకుందాం" అంది. అందుకే వెళ్ళాం.

ఆ పెరడు ఆరు సెంట్లు. అంటే 290 గజాలు. అంత జాగాలో అమ్మమ్మ ఏడుగురు పిల్లల ఇంటికి ఏడాది పొడుగునా కూర పండించింది. నీళ్ళగది తూము దగ్గర అరటి, చేమ, కంద. బావి చప్టా వారన బచ్చలి, పొన్నగంటి. నడుమ మడుల్లో వంగ, బెండ, తోటకూర, గోంగూర. దడి మీద కాకర, బీర. పడమటి గోడకు దొండ పందిరి, తూర్పున చిక్కుడు పందిరి. సంక్రాంతి సెలవులకు మేం వెళ్ళేసరికి ఆ పందిరి కింద ఎండ పడేది కాదు. పొద్దున్నే నులక మంచం అక్కడికి లాక్కుని కూర్చుంటే, పైనుంచి రాలిన పూలు మా జడల్లో ఇరుక్కునేవి. అమ్మమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చి, మంచం మీద నిలబడి కాయలు కోసేది. "కింద ఉన్నవి ముదురు, పైవి లేత" అని విడివిడిగా వేసేది. ముదురు కాయల గింజలు ఒలిచి వంకాయతో వండేది. లేతవి ఉడకబెట్టి, కొబ్బరి వేసి తాలింపు.

అవన్నీ వాటంతటవే కాస్తున్నాయని అనుకునేదాన్ని. పెరడంటే కాస్తుంది గదా అన్నట్టు ఉండేది నాకు. అమ్మమ్మ చేతిలో బొరిగె ఎప్పుడూ చూస్తూనే ఉన్నా, అది పని అని తోచలేదు. ఆవిడ చీర చెంగులో తాళాల గుత్తి ఎలాగో, చేతిలో బొరిగె అలాగని అనుకున్నాను.

"గడ్డిమందు కొట్టిస్తే వారంలో మాడిపోద్దండీ" అని వీధిలో కుర్రవాడొకడు సలహా ఇచ్చాడు. ఇంకొకాయన ప్రొక్లెయినరు తెస్తానన్నాడు. అమ్మ రెండూ వద్దంది. మనుషులతోనే చేయించాలని పట్టుబట్టింది. చివరికి ఊళ్ళో ఒక పెద్దాయన కొడవలీ గునపం పట్టుకుని వచ్చాడు. ఆయనతోపాటు ఇద్దరు ఆడమనుషులు. ముఖాలకు తువ్వాళ్ళు చుట్టుకుని, చేతులకు పాత చొక్కాలు తొడుక్కుని దిగారు. వయ్యారిభామ తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు. నేను మొదటిరోజు వట్టి చేతులతో నాలుగు మొక్కలు పీకాను. మణికట్ల దగ్గర వచ్చిన దురద పది రోజులు పోలేదు. అమ్మ చిన్నప్పుడు ఊళ్ళో ఈ మొక్కే లేదట. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1955 ప్రాంతంలో, పూనాలో. బయటి దేశాల గోధుమలతో వచ్చిందంటారు. ఎక్కడి పూనా, ఎక్కడి మా అమ్మమ్మ పెరడు! పూత రాకముందు పీకితే ఎరువుకైనా పనికొస్తుంది. మేం వెళ్ళేసరికి పూసి, విత్తనం రాల్చేసింది. ఆ ఏడాదంతా దాని పిల్లల్ని పీకుతూనే ఉన్నాం.

తుమ్మ పొదల్ని పెద్దాయన పైపైన కొట్టి వదల్లేదు. మొదలు చుట్టూ తవ్వి, వేరు పట్టుకుని లాగాడు. కొట్టి వదిలేస్తే వాన పడగానే ముందుకంటే ఒత్తుగా లేస్తుందన్నాడు. ఆ మొదట్లోంచి బారెడు పాము ఒకటి సర్రున వెళ్ళింది. నేను చప్టా ఎక్కేశాను. "జెర్రిపోతమ్మా, ఎలకల్ని తింటది. పోనీండి" అని ఆయన తన పని తను చేసుకున్నాడు.

మూడో రోజు బావి గోడ బయటపడింది. ఆ గోడలో చిన్న గూడు, గూట్లో పగిలిన కొబ్బరి చిప్ప, అందులో ఆరు రాళ్ళు. అన్నీ ఏటి రాళ్ళలా కోలగా, ఇంచుమించు ఒకే బరువున్నాయి. ఒకదానికి నడుమ ఇంకా పురికొస ముక్క చుట్టి ఉంది. నాకేమీ అర్థం కాలేదు. అమ్మ చూడగానే నవ్వింది. చాలా రోజుల తర్వాత అలా నవ్వడం చూశాను. "పొట్ల రాళ్ళే ఇవి! పిందె జానెడు కాగానే కొసకు కట్టేది మా అమ్మ. కట్టకపోతే పాములా మెలి తిరిగిపోతుంది కాయ." ఆ చిప్పను అలాగే ఇంట్లోకి తెచ్చి దేవుడి అలమరలో పెట్టింది.

పైన కనబడే గడ్డిదంతా ఒక లెక్క, తుంగది ఇంకో లెక్క. రోహిణి కార్తె నడుస్తోంది. రోళ్ళు పగిలే ఎండ. మాది నల్లరేగడి. ఎండితే గునపం దిగదు, తడిస్తే పారకు అంటుకుని వదలదు. అందుకని సాయంత్రం ఒక మడికి నీళ్ళు పెట్టి, తెల్లవారుజామున తవ్వేవాళ్ళం. తుంగ మొక్కను పట్టుకుని లాగితే ఆకులే వస్తాయి. గడ్డ లోపలే ఉంటుంది. వేళ్ళతో మట్టి తీసుకుంటూ పోతే ముందు శనగగింజంత గడ్డ, దాన్నుంచి దారంలాంటి వేరు, ఆ దారం కొసన ఇంకో గడ్డ, అక్కణ్ణుంచి మరో రెండు దారాలు. ఒకసారి తెగకుండా లాగుతూ వెళ్తే మొత్తం తొమ్మిది గడ్డలు, పూసల దండలాగా చేతికొచ్చాయి. గోటితో గిల్లితే తెల్లగా ఉంది లోపల. వాసన చూసి నిలబడిపోయాను. అమ్మమ్మ సున్నిపిండి వాసన! తుంగముస్తలంటే ఇవేనని, నలుగు పెట్టించుకున్నన్నాళ్ళూ నాకు తెలియదు. ఆవిడ కలుపు తీసినప్పుడు గడ్డలు ఏరి, కడిగి, ఎండబెట్టి సున్నిపిండిలో దంచేదని అమ్మ చెప్పింది. గలిజేరు, పాయలకూర కూడా అంతే. మనం కలుపని గట్టుమీద పారేసేవాటిలో సగం ఆవిడ పప్పులోకి పోయేవి.

తవ్వితీసిన గడ్డల్ని అలా ఎండలో పరిచేశాం. ఆ ఎండకు అవి ఒరుగులైపోయాయి. రోహిణిలో తవ్వడంలోని కిటుకంతా అదే.

పడమటి గోడ దగ్గర పెంకుల కుప్ప తీస్తుంటే దొండ కనబడింది. పైన ఒక్క ఆకు లేదు. నేలలో మాత్రం నా మోచేతంత లావు దుంప, ముడతలు పడి, బూడిద రంగులో. చచ్చిపోయిందనుకుని పెద్దాయన గునపం ఎత్తాడు. అమ్మ "ఆగు, ఆగు" అని కేక వేసింది. వంగలేక, కుర్చీ అక్కడే వేయించుకుని కూర్చుని, దాని చుట్టూ నీళ్ళు పోయించింది. వారం తిరిగేసరికి దుంప పక్క నుంచి లేతాకుపచ్చ తీగ ఒకటి, దారప్పోగంత, గోడ మీద చెయ్యి పెట్టింది. దాన్ని నాటింది నేను పుట్టిన ఏడాది. ఆ సంగతి అమ్మకు బాగా గుర్తు.

ఆ ఏడు మృగశిర వచ్చినా వాన రాలేదు. జూన్ చివరికి గానీ నేల తడవలేదు. వాన వెలిసిన మర్నాడు నేను పార పట్టుకుంటే అమ్మ ఆపింది. మూడో రోజు పొద్దున గుప్పెడు మట్టి తెమ్మంది. పిడికిట్లో నొక్కి, అరచేతిలో ఉండ చూసి, వేలితో తట్టింది. ఉండ మూడు ముక్కలై విడిపోయింది. "ఇదీ పదును. ఇప్పుడు వెయ్యి." అదునూ పదునూ అనే మాటలు వందసార్లు విని ఉంటాను, రాసి కూడా ఉంటాను. పదునంటే ఏమిటో ఆ అరచేతిలో చూశాను.

ఎరువు దగ్గర తప్పు నాది. ట్రాక్టరు ట్రక్కు పెంట తోలించాను, మాగిందో లేదో చూసుకోలేదు. చెయ్యి పెడితే ఇంకా వేడిగా ఉంది. తొందరపడి మడుల్లో కలిపేశాను. నాటిన 24 వంగ మొక్కల్లో 15 వాడిపోయాయి. పీకి చూస్తే వేళ్ళు లేవు. తెల్లగా, లావుగా, చుట్టుకుని పడుకున్న పురుగులు కనబడ్డాయి. అమ్మ నన్నేమీ అనలేదు. మిగిలిన పెంటను గోతిలో వేయించి, మట్టి కప్పించి, "వచ్చే ఏటికి" అంది. వచ్చే ఏడు అన్న మాట ఆవిడ నోటి నుంచి వినడం నాకెంతో బాగుంది.

చిక్కుడు సంగతి చెప్పాలి. అటక మీద అమ్మమ్మ విత్తనాల కుండ దొరికింది. మూకుడు బోర్లించి, చుట్టూ పేడతో మెత్తి ఉంది. పగలగొడితే లోపల బూడిద, బూడిదలో చిక్కుడు గింజలు. పద్నాలుగేళ్ళు దాటిన గింజలు. అమ్మ చేటలో పోసి చెరిగింది. చాలావాటికి పురుగు బెజ్జాలు. ఏ బెజ్జమూ లేనివి 11 దొరికాయి. రాత్రి నానబెట్టి, తూర్పువైపు పాదు తవ్వి, ఆషాఢంలో మంచిరోజు చూసి పెట్టాం. అమ్మ రోజుకు మూడుసార్లు వెళ్ళి చూసేది. పదో రోజున నేను వేలితో తవ్వి చూశాను. గింజ వేళ్ళ మధ్య గుజ్జయిపోయింది. లోపల మొలకన్నదే లేదు. ఎన్ని తీసినా అంతే. అమ్మకు చెప్పడానికి నాకు సాయంత్రం దాకా నోరు రాలేదు.

పక్కింటి అత్తయ్య గ్లాసుతో గింజలు పట్టుకొచ్చింది. "ఇవి మీవే వదినా. మీ అమ్మ ఇచ్చిన విత్తనమే, ఏటా వేస్తూనే ఉన్నాం" అంది. అమ్మ రెండు చేతులతో ఆ గ్లాసు అందుకుంది. ఆ గింజలు నాలుగో రోజుకే మట్టిని పైకి లేపాయి.

జూలై నుంచి ఆగస్టు దాకా అధిక శ్రావణం. ఆ ఆగస్టులో చినుకు లేదు. దేశం మొత్తం మీద 1901 తర్వాత అంత తక్కువ వాన పడిన ఆగస్టు ఇంకొకటి లేదని వాతావరణ శాఖ చెప్పింది. బావిలో పూడిక తీయించాం కాబట్టి నీళ్ళు ఊరాయి. పొద్దున 20 బకెట్లు, సాయంత్రం 20 బకెట్లు. పాదుకు ఇన్నని లెక్కపెట్టుకుని పోసేదాన్ని. 60 ఏళ్ళ నా నడుముకు అమ్మమ్మ అప్పుడు బాగా తెలిసొచ్చింది. ఆవిడకు మోటారు లేదు. నలభై, యాభై ఏళ్ళు చేదతోనే తోడింది. తోడి, పోసి, కలుపు తీసి, బూడిద చల్లి, ఆ తర్వాత లోపలికొచ్చి పొయ్యి ముట్టించేది. మేం నిద్రలేచేసరికే ఇదంతా అయిపోయేది. మాకు కనబడకుండా చేసేది. పెరడు దానంతటదే కాస్తోందని నేను అనుకున్నది అందుకే.

బెండకు తెల్లదోమతో పల్లాకు తెగులొచ్చి ఆకులు పసుపు గీతలు పడ్డాయి. పట్టిన మొక్కల్ని పట్టినట్టే పీకేశాం. గోంగూరకు ఏ బాధా లేదు, కోసినకొద్దీ చిగురేసింది. గుమ్మడి పిందెను నేను వేలెత్తి చూపిస్తే అమ్మ నా వేలు మడిచేసింది. అలా చూపిస్తే కుళ్ళిపోతుందట. నిజానికి కుళ్ళబెట్టేది పండు ఈగ. అయినా ఆ తర్వాత నేనూ వేలు మడిచే చూపించాను.

పొట్ల పూవును మాత్రం రాత్రిపూట చూడాలి. టార్చిలైటు వేసుకుని వెళ్ళాను ఒక రోజు. తెల్లటి చిన్న పూవు, అయిదు రేకులు, ప్రతి రేకు అంచూ సన్నటి దారాలుగా విడిపోయి, ఎవరో అల్లిక పని చేసి మధ్యలో వదిలేసినట్టు చిక్కుబడి ఉంది. తెల్లారేసరికి ముడుచుకుపోయింది. ఆ తీగకు కాసిన నాలుగు కాయలకూ అలమరలోని రాళ్ళు తీసి కట్టాం. పాత పురికొస ముక్క ఉన్న రాయిని అమ్మ కట్టనివ్వలేదు.

పందిరి చిక్కుడు ఎప్పుడు వేసినా పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది. "చలి తగలాలే" అంటుంది అమ్మ. దీపావళికి ముందు మొదటి పూత కనబడింది. ఆవిడ కర్ర పట్టుకుని పందిరి కిందికి వెళ్ళి, తలెత్తి చూసి, అలాగే నిలబడింది. పూలు ఊదారంగువి. అమ్మమ్మ చిక్కుడుది తెల్ల పూత. మా జడల్లో ఇరుక్కున్నవి తెల్లటివే, నాకూ గుర్తుంది. "ఇది మనది కాదే" అంది మెల్లగా. కాయ వచ్చాక సందేహమే మిగల్లేదు. మాది అరచేతి వెడల్పున, లేతాకుపచ్చగా ఉండేది. ఇది సన్నటి కాయ, అంచున ఎర్ర గీత. అత్తయ్య ఏ ఏడో విత్తనం పోయి, ఇంకెవరి దగ్గరో తెచ్చుకుని, అదే ఇదనుకుంటూ ఉండి ఉంటుంది. ఊళ్ళో తెలిసిన నాలుగిళ్ళలో అడిగాం. తెల్ల పూత చిక్కుడు ఎవరి దగ్గరా లేదు. అమ్మ ఆ మాట అత్తయ్యతో అనలేదు. తొలి కోత కాయల్లో సగం గిన్నెలో పోసి వాళ్ళింటికే పంపించింది.

డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. రెండు రోజులు గాలీ వానా. సరుగుడు బాదులు విరిగి పందిరి మొత్తం కూలబడింది. కోతకొచ్చిన వరి పొలాల్లోనే నీళ్ళలో పడిపోయింది. కళ్ళాల్లో ధాన్యం మొలకలొచ్చింది. వాళ్ళ నష్టం ముందు నా పందిరి ఎంత అనుకుంటూనే, వెనక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అమ్మ అప్పుడు 1977 గుర్తుచేసింది. ఆ నవంబరు 19 ఉప్పెన గాలికి ఇక్కడా పెంకులు లేచిపోయాయి, పెరడు చదునైపోయింది. ఆ సంక్రాంతికి మేం వచ్చేసరికి అమ్మమ్మ కంది కట్టె కట్టలు పాతి, దొరికిన తీగల్ని వాటిమీదికి ఎక్కించి ఉంచింది. నాకప్పుడు 14 ఏళ్ళు. పందిరి ఈసారి ఇంత పొట్టిగా ఉందేమిటని ఆవిణ్ణి అడిగాను కూడా.

మేం కూడా కంది కట్టే తెచ్చాం. తీగల్ని కోయకుండా, ఒక్కొక్కటే విప్పి, పెద్దాయనా నేనూ రెండు రోజులు ఎక్కించాం. ఆకు సగం రాలింది, మొదలు మాత్రం గట్టిగా ఉంది. సంక్రాంతి నాటికి మళ్ళీ చిగురూ పూతా వచ్చాయి. వాటితోపాటు పేనుబంక కూడా. మంచు ఆరకముందే పొయ్యి బూడిద జల్లెడ పట్టి చల్లాం. అక్షింతల పురుగులు వచ్చి మిగతా పని చేశాయి.

2024లో రథసప్తమి ఫిబ్రవరి 16, శుక్రవారం. తలమీద జిల్లేడాకులూ రేగుపళ్ళూ పెట్టుకుని స్నానం చేశాం. సంక్రాంతి గొబ్బెమ్మల్ని పిడకలు చేసి దాచాం. తులసికోట ముందు వాటితోనే పాలు పొంగించి పరమాన్నం వండాం. రథం అమ్మే కట్టింది. చీపురు పుల్లలు విరుచుకుని, చిక్కుడు కాయలకు గుచ్చుతుంటే చేతులు వణికాయి. రెండుసార్లు కాయ చీలింది. నేను సాయానికి వెళ్తే మోచేత్తో పక్కకు నెట్టింది. నాలుగు చక్రాలూ నిలబడ్డాక నా వైపు చూసి, "ఆకులు తే" అంది. ఏడు చిక్కుడాకులు, గరుగ్గా, వెడల్పుగా ఉన్నవి చూసి కోశాను. వాటిమీద పరమాన్నం వడ్డించి సూర్యుడికి చూపించింది. వేడికి ఆకు కమిలి వచ్చిన ఆ వాసన చిన్నప్పటిదే. పూత ఏ రంగుదైనా ఆ వాసనలో తేడా లేదు.

మాఘం వెళ్ళాక కాపు తగ్గింది. ఒక రోజు మిగిలిన కాయలన్నీ దులిపేద్దామని నిచ్చెన వేశాను. అమ్మ కిందనుంచి కర్ర ఎత్తి చూపించింది. పైన ఒక గుత్తికి ఎర్ర గుడ్డపేలిక కట్టి ఉంది. ఎవరిచేత కట్టించిందో తెలియదు.

"అది ముట్టుకోకు. విత్తనానికి వదిలాను."

"తెల్ల పూతది కాదుగా అమ్మా?"

"కాకపోతే? అత్తయ్య గ్లాసు మన దగ్గరే ఉండిపోయింది. ఉత్త గ్లాసు ఎలా ఇస్తాం?"